గాలిని కొలిచి రెక్కను మలిచిన విల్బర్ రైట్

విమానం కనిపెట్టింది ఎవరు అని అడిగితే మన హాస్టల్‌లో ఐదో తరగతి తమ్ముడు కూడా రైట్ సోదరులని ఠక్కున చెబుతాడు. జనరల్ నాలెడ్జి పుస్తకంలో అది ఒక మార్కు ప్రశ్న. 1903 డిసెంబరు 17, అమెరికాలో కిట్టీ హాక్ సముద్ర తీరం, 12 సెకన్లు, 120 అడుగులు. అక్కడితో మన చదువులో వాళ్ల కథ పూర్తవుతుంది. కానీ ఆ 12 సెకన్ల వెనుక, అంతకు రెండేళ్ల ముందు ఒక సైకిల్ షాపులో జరిగిన పని ఉంది. ఆ పనే లేకపోతే విమానం ఆ రోజు లేచేది కాదు. ఈ సంచికలో ఆ పనిని, అన్నదమ్ములిద్దరిలో పెద్దవారైన విల్బర్ రైట్ జీవితాన్ని మా సోదర విద్యార్థులకు, పూర్వ విద్యార్థులకు చెప్పాలని మేము అనుకున్నాం.

ఆగిపోయిన చదువు

విల్బర్ రైట్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మిల్‌విల్ దగ్గర జన్మించారు. తండ్రి మిల్టన్ రైట్ ఒక క్రైస్తవ శాఖలో బిషప్. తల్లి సుసాన్ బండ్లు తయారుచేసే వ్యక్తి కూతురు. ఇంట్లో ఏదైనా వస్తువు పాడైతే బాగుచేసేది తల్లే. పిల్లలకు పనిముట్లు పట్టుకోవడం ఆమె నుంచే వచ్చింది. తమ్ముడు ఆర్విల్ 1871లో, చెల్లెలు కాథరిన్ 1874లో పుట్టారు. 1878లో తండ్రి ఒక బొమ్మ తెచ్చి ఇచ్చారు. రబ్బరు బ్యాండు మెలితిప్పి వదిలితే గాలిలోకి లేచే బొమ్మ అది. ఫ్రాన్సు దేశస్థుడు అల్ఫోన్స్ పెనో ఆలోచనతో తయారైంది. అన్నదమ్ములు అది విరిగిపోయేదాకా ఆడుకుని, తర్వాత అలాంటివే సొంతంగా చేసుకున్నారు.

విల్బర్ బాగా చదివేవారు. యేల్ విశ్వవిద్యాలయానికి పంపాలని ఇంట్లో అనుకున్నారు. అయితే 1884లో కుటుంబం ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరానికి మారడంతో హైస్కూలు పట్టా చేతికి రాలేదు. మరుసటి ఏడాది చలికాలంలో మంచు మీద హాకీ లాంటి ఆట ఆడుతుండగా ముఖానికి గట్టి దెబ్బ తగిలి ముందు పళ్లు ఊడిపోయాయి. ఆ తర్వాత గుండె దడ, దిగులు. కాలేజీ ఆశ వదిలేసి దాదాపు మూడేళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. అప్పటికే తల్లికి క్షయ. ఆమెను మెట్ల మీదుగా ఎత్తుకుని కిందికి దించి, మళ్లీ పైకి చేర్చిన కొడుకు విల్బరే. 1889లో తల్లి చనిపోయారు. ఆ మూడేళ్లలో తండ్రి పుస్తకాల గదిలో ఉన్నవన్నీ ఆయన చదివేశారు.

అదే ఊరు, అదే బడి

ఇక్కడ మరొకరి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. ఆర్విల్ డేటన్ సెంట్రల్ హైస్కూలులో చదువుతున్నప్పుడు ఆయన తరగతిలో పాల్ లారెన్స్ డన్‌బార్ ఉండేవారు. ఆ తరగతిలో నల్లజాతి విద్యార్థి ఆయనొక్కరే. తల్లిదండ్రులిద్దరూ ఒకప్పుడు బానిసలు. డన్‌బార్ బడిలో సాహిత్య సంఘానికి అధ్యక్షుడయ్యారు, 1891లో చదువు పూర్తి చేశారు. ఆర్విల్ మాత్రం చదువు మధ్యలో మానేసి ప్రింటింగ్ ప్రెస్ పెట్టుకున్నారు. విల్బర్ అందులో చేరారు. 1890లో డన్‌బార్ తన జాతి ప్రజల కోసం నడిపిన డేటన్ టాట్లర్ అనే చిన్న పత్రికను రైట్ సోదరులే అచ్చు వేశారు. డబ్బు లేక ఆ పత్రిక కొద్ది సంచికలకే ఆగిపోయింది.

చదువు మానేసిన ఆర్విల్ షాపు యజమాని కాగలిగారు. చదువు పూర్తి చేసిన డన్‌బార్‌కు దొరికింది ఒక భవనంలో లిఫ్టు నడిపే పని, వారానికి 4 డాలర్ల జీతం. తన మొదటి కవితా సంపుటిని లిఫ్టు ఎక్కేవాళ్లకే అమ్ముకున్నారు. తర్వాత అమెరికా అంతటా పేరున్న కవి అయ్యి, 1906లో 33 ఏళ్లకే క్షయతో మరణించారు. మన హాస్టల్ పిల్లలకు ఈ తేడా విడమరచి చెప్పనవసరం లేదు. రైట్ సోదరులు కష్టజీవులే గాని బీదవాళ్లు కారు. వాళ్లకు పుస్తకాల ఇల్లు ఉంది, ఊళ్లో పరపతి ఉంది, తలుపులు తెరిచి ఉన్నాయి. పట్టా లేకుండానే గొప్పవాళ్లయ్యారని వాళ్ల కథను మనకు చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా కలిపి చెప్పాలని మా మనవి.

సైకిల్ షాపు నుంచి గాలి వైపు

1892లో అన్నదమ్ములు సైకిళ్ల షాపు తెరిచారు. మొదట అమ్మకం, రిపేరు. 1896 నుంచి సొంత పేరుతో సైకిళ్ల తయారీ. అదే ఏడాది ఆగస్టులో జర్మనీలో ఆటో లిలియంథాల్ గ్లైడర్ మీద నుంచి పడి చనిపోయారన్న వార్త వచ్చింది. ఇంజను లేకుండా రెక్కల మీద గాలిలో తేలే యంత్రమే గ్లైడర్. ఆ వార్త విల్బర్ మనసులో నాటుకుంది. 1899 మే 30న ఆయన వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు ఉత్తరం రాసి, ఎగరడం గురించి అచ్చయిన పుస్తకాలు, పత్రాలు పంపమని అడిగారు.

మిగతావాళ్లు ఇంజను మీద దృష్టి పెడితే విల్బర్ అదుపు మీద పెట్టారు. సైకిల్ తొక్కేవాడికి అది తెలుసు. సైకిల్ తనంతట తాను నిలబడదు, నడిపేవాడు క్షణక్షణం సరిచేసుకోవాలి. విమానమూ అంతేనని ఆయన భావించారు. ఒకరోజు షాపులో ట్యూబు వచ్చిన పొడవాటి అట్టపెట్టెను చేతిలో పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పుతుండగా, రెక్కలను కూడా ఇలాగే మెలితిప్పి విమానాన్ని పక్కలకు వంచవచ్చని తట్టింది. పక్షి రెక్క చివరలు తిప్పడం ఆయన అంతకుముందే గమనించి ఉన్నారు.

పుస్తకంలోని అంకెలు తప్పినప్పుడు

1900లోను, 1901లోను నార్త్ కరోలినా తీరంలోని కిట్టీ హాక్ ప్రాంతానికి గ్లైడర్లు తీసుకువెళ్లారు. అక్కడ గాలి బాగా వీస్తుంది, పడినా కింద ఇసుక. 1901 గ్లైడర్ రెక్క పొడవు 22 అడుగులు, వెడల్పు 7 అడుగులు, రెండు రెక్కల మొత్తం వైశాల్యం 290 చదరపు అడుగులు. లిలియంథాల్ పట్టికలు చూసి, లెక్కలు కట్టి చేసినది. తీరా ఎగరేస్తే లెక్క చెప్పిన బలంలో మూడో వంతు మాత్రమే వచ్చింది. ఆ ఆగస్టులో తిరుగు రైలులో విల్బర్ పూర్తిగా డీలా పడ్డారు. తమ జీవితకాలంలో మనిషి ఎగరడం చూడలేమన్నంత నిరాశకు లోనయ్యారు.

సెప్టెంబరులో చికాగో ఇంజనీర్ల సభలో మాట్లాడమని ఆక్టేవ్ షనూట్ అనే పెద్ద ఇంజనీరు పిలిచారు. పట్టికలు తప్పని నలుగురిలో అనాలంటే రుజువు కావాలి. ఆ అవసరమే అన్నదమ్ములను కొలత వైపు నెట్టింది.

అప్పట్లో రెక్క మీద గాలి బలం లెక్కగట్టే సూత్రంలో ఒక స్థిర సంఖ్య ఉండేది. 18వ శతాబ్దపు ఇంగ్లీషు ఇంజనీరు జాన్ స్మీటన్ పేరుతో అది 0.005గా చలామణీ అయింది. నూరేళ్లకు పైగా చాలామంది దాన్నే ఎక్కించుకుంటూ వచ్చారు. రైట్ సోదరులు తమ గ్లైడర్ కొలతల నుంచి లెక్కిస్తే అది సుమారు 0.0033 అని తేలింది. అంటే లెక్కలో మూడో వంతు బలం అసలు లేనిదే. ఇక లిలియంథాల్ పట్టిక సంగతి వేరు. అది చాలావరకు సరైనదేనని తర్వాత వాళ్లే గ్రహించారు. కానీ అది లిలియంథాల్ రెక్క ఆకారానికి సరిపోయే పట్టిక. వేరే ఆకారానికి అది వర్తించదు. ఒకరి కాలికి తీసిన కొలతతో ఇంకొకరికి చెప్పులు కుట్టినట్టయింది.

చెక్కపెట్టెలో గాలి

మొదట ఒక సైకిల్ హ్యాండిల్ ముందు మూడో చక్రాన్ని పడుకోబెట్టి బిగించారు. దాని అంచున ఒకచోట వంపు రేకు, మరోచోట చదును రేకు పెట్టి, వీధుల్లో జోరుగా తొక్కి చక్రం ఎటు తిరుగుతుందో చూశారు. పట్టికతో తేడా ఉన్నట్టు అర్థమైంది గాని, ఎంత తేడా అన్నది చెప్పడానికి అది చాలలేదు.

అప్పుడు విండ్ టన్నెల్, అంటే గాలి సొరంగం, తయారు చేశారు. పొడవు 6 అడుగులు, లోపల 16 అంగుళాల చదరం. చెక్కపెట్టె అది. ఒక చివర ఫ్యాను. షాపులో యంత్రాలు తిప్పే గ్యాస్ ఇంజనే బెల్టుతో దాన్ని తిప్పేది. లోపల గాలి గంటకు దాదాపు 27 మైళ్ల వేగంతో పోయేది. పైన చూడటానికి గాజు పలక. ఇంతకుముందు ప్రపంచంలో విండ్ టన్నెళ్లు లేకపోలేదు. ఇంగ్లండులో 1871లోనే ఒకటి కట్టారు. కానీ ఒక ఎగిరే యంత్రాన్ని గీయడానికి కావలసిన అంకెలను వరుసగా, ఓపికగా రాబట్టింది మాత్రం ఈ పెట్టే.

అసలు తెలివి పెట్టెలో కాదు, లోపలి తక్కెడలో ఉంది. హాక్సా బ్లేడు ముక్కలు, సైకిల్ స్పోకు తీగలతో చేసుకున్నారు. తక్కెడలో ఒకవైపు సరుకు, ఒకవైపు రాయి ఉన్నట్టు, ఇందులో పైన చిన్న రెక్క నమూనా, కింద చదును రేకులు. రెక్కను గాలి ఒకవైపు నెడితే రేకులను ఇంకోవైపు నెడుతుంది. రెండింటికీ తగిలేది ఒకే గాలి కాబట్టి, గాలి కాస్త పెరిగినా తగ్గినా తూకం మారదు. ముల్లు ఆగిన కోణం చూసి ఆ రెక్క ఎత్తే బలం ఎంతో లెక్కించవచ్చు. అనుమానం ఉన్న ఆ స్మీటన్ సంఖ్యతో పనే లేదు. వెనక్కి లాగే బలానికి ఇంకో తక్కెడ చేశారు. కొలిచేటప్పుడు గదిలో పెద్ద వస్తువేదీ కదపనిచ్చేవారు కాదు. చూసే మనిషి కూడా ప్రతిసారీ ఒకేచోట నిలబడాలి. మనిషి పక్కకు జరిగితే గాలి తీరు మారుతుందని వాళ్ల భయం.

1901 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని సాగింది. రేకు కత్తెరతో ఉక్కు రేకును కోసి, సుత్తితో వంపు తెచ్చి, మైనంతోనూ టంకంతోనూ దిద్ది, 150కి పైగా చిన్న రెక్కలు తయారు చేసి చూశారు. అందులో మంచివి నలభై దాకా ఏరి, 0 నుంచి 45 డిగ్రీల వరకు ఒక్కో కోణంలో కొలిచి పట్టికలు రాశారు. చలికాలం సైకిల్ అమ్మకాలు తక్కువ, అందుకే తీరిక దొరికింది. వేసవి సీజను దగ్గర పడగానే మళ్లీ సైకిళ్ల పనిలో పడ్డారు.

అంకెల నుంచి ఆకారం

ఇంజనీరింగ్ చదివే అన్నలు, అక్కలు ఈ భాగాన్ని కాస్త నిదానంగా చదవాలని కోరుతున్నాం. రెక్కను విల్బర్ ఒక బొమ్మగా చూడలేదు. కొన్ని అంకెల కలయికగా చూశారు. వంపు ఎంత లోతు? ఆ వంపు ముందువైపు ఎక్కువా, మధ్యలో ఎక్కువా? వెడల్పుకు పొడవు ఎన్ని రెట్లు? చివర గుండ్రమా, చదరమా? ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు రెక్కల మధ్య ఎడం ఎంత? వీటిలో ఒక్కటి మార్చి మిగతావి అలాగే ఉంచి కొలవాలి. గాలి ఏం చెప్పిందో రాసుకోవాలి. మళ్లీ ఇంకోటి మార్చాలి. ఇలా గాలి ఇచ్చిన అంకెలే రెక్క ఆకారాన్ని నిర్ణయించాయి, అందంగా ఉందనో పక్షిలా ఉందనో కాదు.

అన్నింటిలో 12వ నంబరు నమూనా బాగా పనిచేసింది. దాని పొడవు వెడల్పుకు 6 రెట్లు, వంపు లోతు వెడల్పులో ఇరవయ్యో వంతు. దాన్ని బట్టి 1902 గ్లైడర్ గీశారు. రెక్క పొడవు 32 అడుగులు, వెడల్పు 5 అడుగులు, వైశాల్యం దాదాపు 305 చదరపు అడుగులు. పాతదానితో పోల్చి చూడండి. గుడ్డ దాదాపు అంతే పట్టింది. కాని పొట్టి వెడల్పు రెక్క పోయి పొడవాటి సన్నని రెక్క వచ్చింది. అదే గుడ్డ, అదే గాలి, మారింది ఆకారమే. ఆ శరదృతువులో కిట్టీ హాక్ దగ్గర దానిమీద కొన్ని వందల సార్లు తేలారు. ఒకసారి 622 అడుగులు దాటారు. పక్కకు జారిపోయే ఇబ్బందికి వెనుక చుక్కానిని కదిలేలా చేయాలన్న ఆలోచన ఆర్విల్‌ది. దాన్ని రెక్కలు మెలితిప్పే తాడుతో కలపాలన్నది విల్బర్‌ది.

ప్రొపెల్లర్ విషయంలోనూ ఈ పట్టికలే అక్కరకొచ్చాయి. ఓడల ప్రొపెల్లర్ల పుస్తకాల్లో లెక్క ఏదైనా దొరుకుతుందని చూస్తే పనికొచ్చేది కనబడలేదు. గిరగిర తిరిగే రెక్కే ప్రొపెల్లర్ అని వాళ్లు గ్రహించారు. నడిమికి దగ్గరి భాగం నెమ్మదిగా, కొస భాగం వేగంగా తిరుగుతుంది కాబట్టి ఒక్కోచోట ఒక్కో కోణం కావాలి. ఆ కోణాలన్నీ తమ పట్టికల నుంచి లెక్కగట్టారు. అన్నదమ్ములు గంటలకొద్దీ వాదించుకుని, చివరికి ఒకరి వాదన ఇంకొకరు అందుకునేవారట. చేతి ఉలితో చెక్కిన ఎనిమిదిన్నర అడుగుల ఆ ప్రొపెల్లర్లు ఇంజను శక్తిలో దాదాపు మూడొంతులను తోపుడుగా మార్చాయని ఈ కాలపు పరీక్షల్లో తేలింది.

పన్నెండు సెకన్లు, ఆ తర్వాత

తేలికపాటి ఇంజను ఎవరూ చేసివ్వకపోతే షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో 12 హార్స్‌పవర్ ఇంజను తయారుచేశారు. 1903 డిసెంబరు 14న నాణెం ఎగరేసి మొదటి అవకాశం విల్బర్ గెలుచుకున్నారు గాని, యంత్రం మూడున్నర సెకన్లకే కింద పడింది. 17న ఆర్విల్ వంతు. అవే మనం చదివే 12 సెకన్లు. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు ఎగిరారు. దానికి కొద్ది రోజుల ముందే, ప్రభుత్వ సైనిక శాఖ 50,000 డాలర్లు ఇచ్చిన ప్రొఫెసర్ లాంగ్లీ విమానం రెండోసారీ నదిలో పడిపోయింది. రైట్ సోదరుల ఖర్చు 1,000 డాలర్ల లోపే.

1905 అక్టోబరు 5న విల్బర్ డేటన్ దగ్గరి పశువుల మైదానం మీద 39 నిమిషాలు, 24 మైళ్లు ఎగిరారు. 1908 ఆగస్టు 8న ఫ్రాన్సులోని లె మాన్స్ దగ్గర జనం ముందు ఎగిరేదాకా చాలామంది నమ్మలేదు. అదే సెప్టెంబరులో అమెరికాలో ఆర్విల్ నడుపుతున్న విమానం కూలి లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిడ్జ్ చనిపోయారు. ఆర్విల్‌కు తీవ్ర గాయాలయ్యాయి. లాటిన్ టీచరుగా ఉన్న చెల్లెలు కాథరిన్ ఉద్యోగం పక్కనపెట్టి వచ్చి ఆయనను బతికించుకున్నారు.

చివరి ఏళ్లు అంత సంతోషంగా సాగలేదు. 1906లో వచ్చిన పేటెంటు హక్కుల కోసం విల్బర్ కోర్టుల చుట్టూ తిరిగారు. గ్లెన్ కర్టిస్ వంటి వారితో వ్యాజ్యాలు నడిచాయి. కొత్త ఆకారాలు వెతికే ఆయన బుర్ర వకీళ్ల కాగితాలకు అంకితమైపోయింది. దీనివల్ల అమెరికా విమాన పరిశ్రమ వెనకబడిందని విమర్శించినవారూ ఉన్నారు. 1912 మే 30న టైఫాయిడ్ జ్వరంతో విల్బర్ రైట్ కన్నుమూశారు. వయసు 45. స్మిత్‌సోనియన్‌కు ఉత్తరం రాసిన రోజుకు సరిగ్గా 13 ఏళ్లు. ఆర్విల్ 1948 వరకు జీవించారు.

ఆ పద్ధతి నేటికీ

విల్బర్ పోయినా ఆయన పద్ధతి పోలేదు. 1915లో ఏర్పడిన అమెరికా విమాన పరిశోధన సంఘం నాకా 1933లో 78 రెక్క ఆకారాల కొలతలు ప్రకటించింది. అందులో ఆకారానికి పేరు లేదు, నాలుగంకెల సంఖ్యే ఉంది. 2412 అంటే వంపు వెడల్పులో 2 శాతం, ఆ వంపు ముందు నుంచి 40 శాతం దూరంలో, మందం 12 శాతం. ఈ సంఖ్య చెబితే చాలు, ఎవరైనా ఆ రెక్కను గీయవచ్చు. సెస్నా 172 అనే చిన్న విమానం రెక్క ఇదే. ఆకారాన్ని అంకెలతో పట్టుకునే ఈ పద్ధతినే ఇవాళ పారామెట్రిక్ డిజైన్ అంటున్నారు.

ఇప్పుడు రేకు కత్తెర బదులు కంప్యూటరు వచ్చింది. రెక్క చుట్టూ ఉన్న గాలిని లక్షల చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో వేగం, పీడనం లెక్కిస్తారు. వచ్చిన ఫలితాన్ని బట్టి ప్రోగ్రామే వంపునో పొడవునో కొద్దిగా మార్చి మళ్లీ లెక్కిస్తుంది. ఒక చలికాలమంతా విల్బర్ చేసిన చక్రం కొన్ని గంటల్లో తిరుగుతుంది. విమానాలకే కాదు, ఎత్తయిన భవనాలకూ ఇదే దారి. 2015లో పూర్తయిన 632 మీటర్ల షాంఘై టవర్‌ను చూడండి. మెలిక ఎన్ని డిగ్రీలుండాలో కంప్యూటరు నమూనాల్లో మార్చి మార్చి, విండ్ టన్నెల్‌లో పరీక్షించి, కింది నుంచి పైకి 120 డిగ్రీలు తిరిగేలా కట్టారు. మామూలు చదరపు భవనంతో పోలిస్తే గాలి తాకిడి 24 శాతం తగ్గింది.

అయితే ఒక్క మాట. కంప్యూటరుకు మనం ఇచ్చే స్థిర సంఖ్యలు తప్పయితే అది తప్పు జవాబునే రంగురంగుల బొమ్మగా చూపిస్తుంది. తెర మీద కనిపించే బొమ్మకు నిజమైన గాలితో పోల్చిన కొలత తోడు కావాలి. 0.005 కథ మళ్లీ జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మన హాస్టళ్ల నుంచి వెళ్లి డిప్లొమాలు, ఇంజనీరింగ్ చేస్తున్న అన్నలు, అక్కలు సెలవుల్లో ఒక పూట వచ్చి తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఈ లెక్కలు చేసి చూపిస్తే ఎంతో బాగుంటుందని మా కోరిక. ఇక్కడ చదువుతున్న వాళ్లకు మేము చెప్పేది ఇంతే. అచ్చులో ఉందని ఏ అంకెనూ గుడ్డిగా నమ్మవద్దు, కొలవకుండా తప్పనీ అనవద్దు. కొలవడానికి ఖరీదైన సామాను లేకపోతే చేతికందే స్పోకు, రేకు, అట్టముక్కలతో మొదలుపెట్టండి. డన్‌బార్ లాంటి వారికి మూసుకుపోయిన తలుపుల్లో కొన్నింటిని మన ముందుతరం పోరాడి మనకు తెరిచింది. ఆ తలుపులోంచి వెళ్లేటప్పుడు చేతిలో సొంత కొలతల నోటుపుస్తకం ఒకటి ఉండాలని మా ఆకాంక్ష.